మాటలతోనే నడిచే రేడియోకి రోజంతటి షెడ్యూల్ ఎలా వేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఐదుగురు కలిసి ఇంటర్నెట్ రేడియో పెడుతున్నారు, పాటలు ఉండవు, అన్నీ మాటలే. ఉదయం 6 నుంచి రాత్రి 12 దాకా వార్తలు, ఇంటర్వ్యూలు, నాటకాలు, కథలు, సైన్సు, ఆరోగ్యం అన్నీ పెట్టాలనుకుంటున్నారు, ఏ గంటలో ఏది వేస్తే జనం విసుగు పడకుండా వింటారో చెప్పమన్నారు. నేను రేడియోలో స్పోకెన్ వర్డ్, అంటే మాటల కార్యక్రమాల విభాగంలో 26 ఏళ్లు పనిచేశాను, అందులో పదకొండేళ్లు చార్టు, అంటే ఏ టైముకి ఏ ప్రోగ్రామో చూపే పట్టిక, వేసే బాధ్యత నాదే. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు లెక్క చూద్దాం. 18 గంటలంటే 1080 నిమిషాలు. పాటల స్టేషన్‌లో గంటకి పది పన్నెండు నిమిషాలు మాట్లాడితే గడిచిపోతుంది, మాటల రేడియోలో ప్రతి నిమిషమూ ఎవరో ఒకరు తయారుచేయాల్సిందే. అరగంట ఫీచర్, అంటే బయట తిరిగి పట్టుకున్న గొంతులూ శబ్దాలూ కూర్చి చేసే కార్యక్రమం, సరిగ్గా చేయాలంటే నాకు ఎప్పుడూ వారం పట్టేది, ఎందుకంటే తిరిగి రికార్డు చేయడం ఒక ఎత్తు, ఆ మూడు నాలుగు గంటల రికార్డింగు కూర్చుని విని, ఏ మాట ఎక్కడుందో రాసుకుని, కత్తిరించి, మర్నాడు మళ్లీ కొత్త చెవితో వినడం ఇంకో ఎత్తు. మీరు ఐదుగురు. మొదటి ఏడాది 18 గంటలు వద్దు. పాత పద్ధతిలో మూడు ట్రాన్స్‌మిషన్లుగా విడగొట్టండి: ఉదయం 6 నుంచి 10, మధ్యాహ్నం 1 నుంచి 3, సాయంత్రం 5 నుంచి 11. మొత్తం 12 గంటలు. అందులో రోజూ కొత్తగా చేసేది మూడు గంటలు చాలు: ఉదయం గంటన్నర లైవ్, సాయంత్రం అరగంట లైవ్, 45 నిమిషాల సంభాషణ ఒకటి, పావుగంట కథాపఠనం. మిగతాదంతా వారానికోసారి చేసే ఫీచర్లు, నాటకాలు, ఇంకా రిపీట్లు.

రిపీట్ అంటే తక్కువగా చూడకండి. మాటల రేడియోకి ప్రపంచంలో అందరూ చూపించే ఉదాహరణ బీబీసీ రేడియో 4, 1967 సెప్టెంబరు 30న మొదలైంది. అంత సిబ్బంది, అంత డబ్బు ఉన్న స్టేషన్ కూడా తన రోజువారీ సీరియల్ భాగాన్ని సాయంత్రం ఏడు దాటాక వేసి, మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేస్తుంది. సాయంత్రం ఏడింటికి వినగలిగే మనిషి, మధ్యాహ్నం రెండింటికి వినగలిగే మనిషి వేరు వేరు. రాత్రి విన్నవాళ్లకి విసుగు వస్తుందేమో అని మీరు టెన్షన్ పడే లోపు, అసలు వినని వాళ్లే ఎక్కువమంది ఉంటారు. కాకపోతే రిపీట్‌ని ఖాళీ నింపడానికి అక్కడా ఇక్కడా పడేయకండి. ఉదయం 9కి వచ్చిన సంభాషణ రాత్రి 9కి మళ్లీ వస్తుందని ఒకసారి చెప్పాక, ఆరు నెలలు ఆ మాట తప్పకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. చాలామంది వెరైటీ అంటే టాపిక్ మార్చడం అనుకుంటారు. మీరు పంపిన నమూనా చార్టులో కూడా అదే ఉంది. 9కి డాక్టరుతో ఇంటర్వ్యూ, 9.30కి వ్యవసాయ శాస్త్రవేత్తతో ఇంటర్వ్యూ, 10కి రచయితతో ఇంటర్వ్యూ. కాగితం మీద మూడు వేరు విషయాలే. చెవికి మాత్రం మూడూ ఒకటే: ఒకే గదిలో ఇద్దరు మనుషులు, ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెబుతారు, గంటన్నర సేపు. రెండో ఇంటర్వ్యూ సగంలోకి వచ్చేసరికి వినేవాళ్ల మనసు ఇంకెక్కడికో వెళ్లిపోతుంది, తప్పు శాస్త్రవేత్తది కాదు. వ్యవసాయ శాస్త్రవేత్తని పొలంలోకి తీసుకెళ్లండి, గాలి వినిపించనివ్వండి, పక్కన ఒక రైతుని ఎదురు ప్రశ్న వేయనివ్వండి. రచయిత చేత ఇంటర్వ్యూ బదులు తను రాసింది తనే చదివించండి. టాపిక్‌లు అవే, రోజు మాత్రం మారిపోతుంది.

దీనికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఫిక్స్‌డ్ పాయింట్ చార్టులో, అంటే రోజూ ఏ టైముకి ఏది రావాలో ఖాయం చేసే పట్టికలో, టైము, ప్రోగ్రామ్ పేరు, నిడివి అనే గడులు ఎలాగూ ఉంటాయి, వాటి పక్కన పెన్సిల్‌తో ఇంకో మూడు గడులు గీసేవాణ్ని. ఎన్ని గొంతులు, స్టూడియో లోపలా బయటా, ఎంత శ్రద్ధ అడుగుతుంది. శ్రద్ధకి 1, 2, 3 అని మార్కులు. సమయం, వాతావరణం, చిన్న వార్త 1. మామూలు కబుర్లు, ఉత్తరాలు 2. నాటకం, లోతైన ఫీచర్, కొత్త విషయం మీద ప్రసంగం 3. రెండు 3లు వెంటవెంటనే రాకూడదు, ఒకే రకం గొంతుల లెక్క వరసగా మూడుసార్లు రాకూడదు. ఇంతే నియమం. టాపిక్‌ల సంగతి ఆ తర్వాత చూసుకునేవాణ్ని, ఆశ్చర్యంగా అవి వాటంతట అవే కుదిరేవి.

ఈ మార్కులు ఎవరికి ఎప్పుడు సరిపోతాయో తెలియాలంటే వినేవాళ్ల చేతులు చూడాలి. రేడియో వింటూ ఎవరూ ఊరికే కూర్చోరు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. ఉదయం 7కి పరుగులో ఉన్న మనిషి ఒక చోట నిలబడడు, గదిలోంచి గదిలోకి తిరుగుతూ మీ మాటల్లో మూడో వంతు వింటాడు, ఇరవై నిమిషాల్లో బయటికి వెళ్లిపోతాడు. తొమ్మిది తర్వాత ఇంట్లో ఉండే వాళ్లకి చేసే పని ఒకటే రకం, గంటసేపు సాగే పని, అప్పుడు 45 నిమిషాల సంభాషణ హాయిగా వింటారు. సాయంత్రం 5 నుంచి 7 మధ్య మళ్లీ ప్రయాణం, మళ్లీ ముక్కలు. రాత్రి పది తర్వాత కళ్లు మూసుకుని వినేవాళ్లు మొదలవుతారు, ఆ శ్రద్ధ వేరు. పగలు పట్టించుకోని చిన్న శబ్దం కూడా అప్పుడు వినిపిస్తుంది.

ఉదయం గంటన్నర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్త స్టేషన్లు ఎక్కువగా తడబడేది అక్కడే. ఏ అంశమూ ఐదు నిమిషాలు దాటకూడదు. 6.40కి చెప్పిన ముఖ్యమైన వార్త 7.20కి మళ్లీ చెప్పాలి, కానీ అదే వాక్యాలతో కాదు, ఎందుకంటే రెండోసారి వినేవాళ్లకి కొంచెం ముందుకి వెళ్లినట్టు ఉండాలి, మొదటిసారి వినేవాళ్లకి పూర్తిగా అర్థం కావాలి. ఇది రాయడం చాలా కష్టం, నాకు రెండేళ్లు పట్టింది. ప్రతి పది నిమిషాలకి టైము చెప్పండి. ఉదయం చాలామంది రేడియోని గడియారం లాగా వాడుకుంటారు. బీబీసీ 1924 ఫిబ్రవరి 5న గంట గంటకీ గ్రీనిచ్ టైము బీప్‌లు మొదలుపెట్టింది, మొత్తం ఆరు, ఆఖరిది పొడుగ్గా ఉంటుంది, ఆ ఆఖరి బీప్ మొదలైన క్షణమే సరిగ్గా గంట. వందేళ్లుగా జనం దాన్ని నమ్మారు. మీరు మాత్రం ఆ పని చేయకండి. ఇంటర్నెట్ స్ట్రీమ్ వినేవాళ్లకి చేరేసరికి ఎన్నో సెకన్లు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అర నిమిషం కూడా, అదీ ఒక్కో ఫోనులో ఒక్కో రకంగా. కాబట్టి "సరిగ్గా ఏడు గంటలు" అనకండి, "ఏడు దాటింది" అనండి. అది నిజం కూడా.

వార్తలు లేనప్పుడు వార్తలు పుట్టించకండి. 1930 ఏప్రిల్ 18న బీబీసీ సాయంత్రం బులెటిన్‌లో ఈరోజు వార్తలేవీ లేవు అని చెప్పి పియానో వినిపించారు. ఈ రోజుల్లో అలా చెప్పలేం నిజమే, కానీ ఐదు నిమిషాల బులెటిన్‌కి మూడు నిమిషాల వార్తలే ఉంటే మూడు నిమిషాల్లో ఆపేసే ధైర్యం ఉండాలి. మిగిలిన రెండు నిమిషాలకి ఫిల్లర్లు ముందే సిద్ధంగా ఉంచుకోండి. నిమిషం, నిమిషంన్నర, రెండు, మూడు నిమిషాలవి, ఎప్పుడు వేసినా చెల్లేవి: ఒక మాట పుట్టుక, ఒక పిట్ట కూత, ఒక ఉత్తరం. కనీసం నలభై ఫిల్లర్లు చేతిలో లేకుండా స్టేషన్ మొదలుపెట్టకండి. లైవ్ గెస్టు రాని రోజు, లైను తెగిన రోజు మిమ్మల్ని కాపాడేవి అవే.

మధ్యాహ్నం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఉదయం వచ్చిన దాంట్లో మంచిది, నిన్నటి సీరియల్ భాగం, వారానికి ఒక నాటకం. నాటకం మాత్రం రేడియో కోసమే రాసింది వేయండి, స్టేజి నాటకాన్ని మైకు ముందు చదివించకండి. 1924 జనవరిలో బీబీసీలో ప్రసారమైన నాటకం ఒకటుంది, రేడియో కోసమే రాసిన తొలి నాటకాల్లో అదొకటి. కథంతా బొగ్గు గనిలో, దీపాలు ఆరిపోయిన చీకట్లో జరుగుతుంది. పాత్రలకీ ఏమీ కనపడదు, వినేవాళ్లకీ ఏమీ కనపడదు. అప్పటికి రేడియో పుట్టి ఎంతో కాలం కాలేదు, అయినా కనపడకపోవడమే ఈ సాధనం బలమని ఆ రచయిత పట్టుకున్నాడు. మీ నాటక రచయితని మొదట అడగాల్సిన ప్రశ్న కూడా అదే: ఈ సీను కళ్లతో చూడాల్సి వస్తోందా, వస్తే మార్చండి.

సీరియల్ పెట్టాలా అని అడిగారు. పెట్టాలి, కానీ ఆరు నెలల భాగాలు రాసేవాళ్లు దొరికాకే. ఇందాక చెప్పిన బీబీసీ సీరియల్ 1950లో ఒక ప్రాంతంలో ప్రయోగంగా వచ్చి, 1951 జనవరి 1 నుంచి దేశమంతటా మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. యుద్ధం తర్వాత తిండికి కటకటగా ఉన్న రోజుల్లో, దిగుబడి పెంచే పద్ధతులు రైతులకి చెప్పడం దాని అసలు ఉద్దేశం. ప్రసంగాలు వేస్తే వినేవాళ్లు తక్కువ, ఒక రైతు కుటుంబం కథలో కలిపి చెబితే ఊళ్లకి ఊళ్లు విన్నాయి. అంటే సమాచారం కూడా ఒక మనిషి అవసరంలోంచి రావాలి. ఆరోగ్యం మీద వారానికి రెండు ప్రసంగాలు అని మీ చార్టులో ఉంది కదా, అందులో ఒకటి తీసేసి, ఒక ఇంట్లో ఒక తల్లీ కూతుళ్ల మధ్య జరిగే ఎనిమిది నిమిషాల సంభాషణగా మార్చి చూడండి.

వినేవాళ్లు తిరిగి మాట్లాడే చోటు కూడా సాయంత్రమే ఉండాలి. కెనడాలో 1941లో రైతుల కోసం రేడియో ఫోరమ్ పెట్టినప్పుడు, ఇరుగుపొరుగు ఒక ఇంట్లో చేరి ప్రోగ్రామ్ విని, అక్కడే చర్చించుకుని, తాము ఏమనుకున్నారో రాసి పంపేవాళ్లు. చదవండి, వినండి, చర్చించండి, ఆచరించండి అన్నది వాళ్ల నినాదం. 1956లో పుణె చుట్టుపక్కల గ్రామాల్లో యునెస్కో సాయంతో ఇదే పద్ధతిని ప్రయత్నించారు. ఇప్పుడు వాయిస్ మెసేజ్ ఉంది, పని ఇంకా సులువు. అయితే వచ్చిన మెసేజ్‌లన్నీ వరసగా వినిపించడం ప్రోగ్రామ్ కాదు. ఒక ప్రశ్న తీసుకుని, అది అడిగిన మనిషికి మీరే ఫోన్ చేసి ఇంకో రెండు ప్రశ్నలు వేసి, వారం తర్వాత జవాబు తెచ్చి ఇస్తే, ఆ మనిషి జీవితాంతం మీ శ్రోతే.

ఇప్పుడు చార్టులో ఎక్కడా కనిపించని విషయం చెబుతాను, నాకు బాగా నొప్పి కలిగించింది కూడా ఇదే. ఒక సాయంత్రం 7.30కి ఒక ఫీచర్ వేశాం. నదిలో పిల్లలు మునిగిపోయిన ఇళ్లలో తల్లులు మాట్లాడిన ఫీచర్ అది. ఆఖరి గొంతు ఒక తల్లిది, "వాడి చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి" అని ఆగిపోతుంది, అక్కడితో అయిపోతుంది. 7.59.50. ఆ వెంటనే ఎనిమిది గంటల హాస్య కార్యక్రమం ప్రోమో, నవ్వులతో. రెండు ప్రోగ్రామ్‌లూ మంచివే, రెండూ సరైన టైములోనే ముగిశాయి, చార్టు వేసింది నేనే. ఫోన్లు వచ్చాయి. ఒక పెద్దావిడ తిట్టలేదు, "ఒక్క నిమిషం మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వాల్సింది బాబూ" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ప్రతి ప్రోగ్రామ్ ఆఖరి అర నిమిషం, తర్వాతి దాని మొదటి అర నిమిషం పక్కపక్కనే పెట్టి వినడం నా పనిగా పెట్టుకున్నాను. రోజుకి పదిహేను ఇరవై అతుకులు ఉంటాయి, గంటలోపు అయిపోతుంది. అతుకు దగ్గర అనౌన్సర్ ఉండాలి, ఆటోమేషన్ కాదు. ఆ తల్లి మాట తర్వాత మూడు సెకన్లు నిశ్శబ్దం, తర్వాత మెల్లగా ఫీచర్ పేరు, టైము, ఇంకో సెకను ఆగి, తర్వాతి ప్రోగ్రామ్ గురించి మామూలు గొంతుతో ఒక్క వాక్యం. ఇంతే కావలసింది. నిశ్శబ్దానికి భయపడకండి, కాకపోతే శబ్దం ఆగిపోతే హెచ్చరించే సైలెన్స్ అలారం మీ సర్వర్‌లో ఎన్ని సెకన్లకి మోగుతుందో చూసుకుని అంతకంటే తక్కువ ఉంచండి.

రాత అలవాటు కూడా మార్చుకోవాలి. మన భాషలో క్రియ చివర వస్తుంది. కాగితం మీద పర్వాలేదు, కన్ను వెనక్కి వెళ్లగలదు. చెవి వెళ్లలేదు. "గత అనేక సంవత్సరాలుగా తీర ప్రాంతంలో కొనసాగుతున్న పరిశీలనల్లో భాగంగా గుర్తించబడిన తాబేళ్ల గూళ్ల సంరక్షణ నిమిత్తం చేపట్టిన చర్యలు ఫలితాలనిస్తున్నాయి" అని ఒక స్క్రిప్టు వచ్చింది నాకు. వినేవాడు "ఫలితాలనిస్తున్నాయి" దాకా అన్నీ మోసుకుంటూ రావాలి, దారిలో సగం జారిపోతాయి. దాన్ని ఇలా మార్చాం: "తాబేళ్ల గూళ్లు నిలబడుతున్నాయి. ఈ తీరంలో చాలా ఏళ్లుగా వాటిని కనిపెట్టుకుని ఉంటున్నారు. ఆ కష్టం ఇప్పుడు కనిపిస్తోంది." ముందు విషయం, తర్వాత వివరం. అంకెలు కూడా అంతే, 47 లక్షల 83 వేలు అనే బదులు దాదాపు 48 లక్షలు అనండి. ఒక వాక్యంలో రెండు అంకెలు పెట్టకండి. నిడివి తెలుసుకోవడానికి పదాలు లెక్కపెట్టడం కంటే గట్టిగా చదివి గడియారం చూసుకోవడం మేలు, తెలుగు పదం ఒక్కోటి ఒక్కో పొడుగు.

సౌండ్ విషయంలో ఒకటే అడుగుతాను, అన్ని ప్రోగ్రామ్‌లూ ఒకే స్థాయిలో వినిపించాలి. యూరప్ ప్రసార సంస్థలు మైనస్ 23 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే యూనిట్) అనే ప్రమాణం పెట్టుకున్నాయి, ఫోనులో వినేవాళ్ల కోసం చాలా పాడ్‌కాస్ట్‌లు మైనస్ 16 దగ్గర ఉంచుతాయి. మీరు మైనస్ 16 పెట్టుకుని, పాత రికార్డింగులతో సహా అన్నీ అక్కడికి తెచ్చాకే లైబ్రరీలో వేయండి. రాత్రి పదిన్నరకి కథ వింటూ పడుకున్న మనిషి ప్రోమో కేకకి ఉలిక్కిపడి లేస్తే మళ్లీ మీ స్టేషన్ పెట్టరు. మామూలు ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది, అందుకే అది ఐదు నిమిషాలు దాటితే చెవికి శ్రమ. పొడుగు ఇంటర్వ్యూకి అవతలి మనిషినే తన దగ్గర రికార్డు చేసి ఫైలు పంపమనండి. బయట రికార్డు చేసిన ప్రతిసారీ ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ చోటి శబ్దం పట్టుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి అదే దిక్కు.

రాత్రి పదిన్నర నుంచి 11 దాకా మాత్రం ఎప్పుడూ మార్చకండి. పావుగంట కథ, తర్వాత రేపటి విశేషాలు, వాతావరణం, ఒకే గొంతు, రోజూ అదే క్రమం. బ్రిటన్‌లో రాత్రి పొద్దుపోయాక నావికుల కోసం సముద్ర వాతావరణం చదువుతారు, 31 సముద్ర ప్రాంతాల పేర్లు ఒకే వరసలో, సుమారు 380 పదాల్లో. పడవ మొహం చూడని వాళ్లు కూడా మంచం మీద పడుకుని వింటారు దాన్ని. అందులో వాళ్లకి పనికొచ్చే సమాచారం ఏమీ లేదు, ఆ వరస చెదరకపోవడం మీద నమ్మకం ఉంది.

పాడ్‌కాస్ట్‌లు ఉండగా ఇంత చార్టు ఎందుకని మీ మిత్రుడు అన్నాడని రాశారు. పాడ్‌కాస్ట్ మనం వెతుక్కున్నది ఇస్తుంది. రేడియో మనం వెతకనిది చెవిన వేస్తుంది. తాబేళ్ల గురించి వినాలని ఎవరూ అనుకుని ఉండరు, వార్తల కోసం పెట్టుకున్నారు, ఆపడానికి చేయి ఖాళీ లేదు, విన్నారు, ఇప్పుడు తెలుసు. ఇన్నేళ్లూ నన్ను ఈ పనిలో కూర్చోబెట్టింది ఆ ఒక్క సంగతే. మీ చార్టులో రోజుకి ఒక్కటైనా అలాంటిది ఉండాలి, జనం ఎక్కువగా వినే రెండు అంశాల మధ్య ఉండాలి, రాత్రి ఆఖరి గంటలో మూల పడేయకూడదు.

మొదలుపెట్టే ముందు రెండు వారాలు ఎవరికీ వినిపించకుండా లోపలే నడిపి చూడండి, లైవ్‌తో సహా, టైము ప్రకారం. ఏది ఎన్ని గంటలకి, ఎన్ని సెకన్లకి వేయాలో రాసుకునే క్యూ షీట్లు దాచండి, ఏ ప్రోగ్రామ్ ఎన్ని సెకన్లు దాటిందో, ఎన్ని సెకన్లు తగ్గిందో ఎర్ర ఇంకుతో పక్కన రాయండి. రెండో వారం చివర ఐదుగురిలో స్టూడియోకి సంబంధం లేని పని చేసే ఒకరిని ఇంటి దగ్గర ఉంచి, ఆ రోజు 12 గంటలూ మామూలుగా ఇంటి పని చేసుకుంటూ వినమనండి, ఎక్కడ ఆపేయాలనిపించిందో ఆ టైము మాత్రం రాసుకోమనండి. ఆ కాగితం పట్టుకుని మళ్లీ అడగండి, చార్టు కూర్చుని మార్చుకుందాం.